మృగములకు అభయమొసగిన శ్రీ జంభేశ్వరులు

క్షత్రియ గృహమున పుట్టిన బాలునకు పూర్వము రెండు విద్యాలయములుండెడివి. ఒకటి గురువుగారి ఇల్లు, రెండవది అడవి. అక్షరములును, నీతియు, శాస్త్రమును మొదటిచోట నేర్చిన పిమ్మట ఒక మంచిదినమున తండ్రియో పినతండ్రియో ఆ బాలుని గుర్రమెక్కించి తొలివేటకు వెంటగొనిపోవుదురు. వేటకాండ్రు ముందుగా పోయి జింకల జాడ తీసి వత్తురు. పిల్లవానిని పొదచాటున నిలిపి, గాలి యెటు వీచుచున్నదో చూపి, ఊపిరి బిగబట్టి బాణము విడుచు పద్ధతి నేర్పుదురు. తొలి జింక పడిన నాడు ఇంట పండుగ. ఆనాటి నుండి వాడు పెద్దల లెక్కలో చేరినట్లే. రాజస్థానమున వేట ఒక ఉత్సవముగనే సాగెడిది. మేవాడు ప్రభువులు ఫాల్గుణ మాసమున జ్యోతిష్కుడు నిర్ణయించిన ముహూర్తమునకు పరివార సమేతముగా వేటకు తరలుచుండిరి.

రాజులకు వేటను అనుమతించిన ధర్మశాస్త్రమే, కామము వలన పుట్టు పది వ్యసనములను లెక్కించునపుడు వేటనే మొదట చేర్చినది. ఇతిహాసములును ఆ హెచ్చరికనే చేయుచున్నవి. దశరథ మహారాజు యౌవనమున సరయూ తీరమందు చీకటిలో చప్పుడును గురిచేసి విడిచిన బాణము ఏనుగునకు గాక మునికుమారునకు తగిలెను. పాండురాజు జింకల జంటయని కొట్టినది మునిదంపతులను. పరీక్షిత్తు వేటలో అలసి దప్పిగొన్న వేళనే శమీక మహర్షి మెడలో మృతసర్పమును వేసెను. ఈ మువ్వురును దుష్టులు కారు, ధర్మమెరిగినవారు. అయినను వేటకు అలవాటు పడిన చేయి ఎచ్చట ఆగవలెనో ఎరుగకపోయెను. చిన్ననాట చేతికి పట్టుబడిన విద్య పెద్దనాట బుద్ధి మాట వినదు.

అట్టి వేటల సీమలోనే, విల్లు పట్టుట కులవిద్యయైన రాజపుత్ర గృహముననే ఒక మహనీయుడు జన్మించెను. ఆయన జింకలను వేటాడు విద్యను గాక, వానిని కాపాడు విద్యను తన వారికి నేర్పెను. ఆయనయే శ్రీ జంభేశ్వరుడు. ఆ ప్రాంతీయులు జాంభోజీ యని భక్తితో పిలుచుచుందురు. నేడు బిష్ణోయీలని ప్రసిద్ధి కెక్కిన వైష్ణవ సంప్రదాయమునకు ఆయనయే ఆద్యుడు.

మార్వాడు దేశమున నాగౌరు ప్రాంతమందు పీపాసర్ అను పల్లె కలదు. అందు పంవారు వంశీయుడైన లోహట్‌జీ యను రాజపుత్ర గృహస్థుడు ఉండెను. ఆయన భార్య హంసాదేవి. కలిగిన కుటుంబమే గాని చాలకాలము సంతానము లేక ఆ దంపతులు దుఃఖించిరి. తుదకు విక్రమ శకము 1508, అనగా క్రీస్తు శకము 1451వ సంవత్సరమున, భాద్రపద కృష్ణాష్టమి నాడు వారికి ఏకైక పుత్రుడు కలిగెను. ఔత్తరాహులు పూర్ణిమతో మాసమును ముగింతురు గనుక వారి భాద్రపద కృష్ణాష్టమియే మన శ్రావణ బహుళాష్టమి. శ్రీకృష్ణ భగవానుడు అవతరించిన తిథి యదియే. లేక లేక కలిగిన బిడ్డ పుణ్యతిథిని పుట్టెనని ఆ తల్లిదండ్రులు పొంగిపోయిరి.

అయితే ఆ ఆనందము నిలువలేదు. బాలుడు ఏడేండ్లు వచ్చువరకు మాటలాడలేదు. తోడి పిల్లలు పరుగులెత్తి కేకలు వేయుచుండగా అతడు మౌనముగా చూచుచుండెడివాడు. ఊరివారు వెర్రివాడనిరి, మూగవాడనిరి. కొడుకుచేత మాటలాడింపవలెనని లోహట్‌జీ ఒక పురోహితుని పిలిపించెను. ఆయన దీపములు పెట్టి ఏవేవో ప్రయోగములు చేయబూనగా దీపములే వెలుగలేదట. అపుడు ఆ బాలుడు కాల్చని పచ్చికుండకు నూలుపోగు కట్టి బావి నుండి నీరు తోడి, ఆ నీటినే దీపములలో పోసి వెలిగించి, తొలిసారిగా నోరు తెరచి గురుతత్త్వమును గూర్చి పలికెనని సంప్రదాయము చెప్పుచున్నది. బిష్ణోయీలు పవిత్రముగా భావించు సబదవాణికి ఆ పలుకే మొదటిదని వారి విశ్వాసము.

మాట వచ్చిన పిమ్మట ఆ బాలుడు ఏ మార్గము పట్టెను? రాజపుత్రుల ఇంట అది గుర్రమును, విల్లును అందుకొనవలసిన వయస్సు. కాని సంప్రదాయము అతని చేతిలో విల్లును చూపదు; పశువుల కర్రనే చూపుచున్నది. తండ్రి ఆవులమందను వెంటబెట్టుకొని ఉదయమున ఇసుకదిబ్బలకు పోవుట, సాయంకాలమున మరలివచ్చుట, ఇదియే అతని దినచర్య. ఒకటి కాదు, రెండు కాదు, ఇరువది యేడు సంవత్సరములు ఆయన గోపాలకుడుగనే ఉండెను. క్షత్రియుడై పుట్టి వ్రేపల్లెలో ఆవులను మేపిన స్వామి చరిత్రను నిత్యము పారాయణ చేయువారికి ఈ విషయమున ఆశ్చర్యపడవలసినది లేదు.

వేటకానికి కనబడు అడవి వేరు, పశువుల కాపరికి కనబడు అడవి వేరు. వేటకాడు ఏడాదికి కొన్ని దినములు వచ్చును. తనకు కావలసిన మృగము తప్ప మరియొకటి అతని కంటికి ఆనదు. కాపరియో, ప్రతిదినము అదే నేలపై నడచును. ఏ పొదలో తల్లిజింక తన పిల్లను కదలక మెదలక పడుకొనబెట్టి మేతకు పోయినదో అతడెరుగును. ఆ తల్లి మరలి రానిచో ఆ పిల్ల యేమగునో కూడ అతడెరుగును. వర్షము లేని యేట మొదట ఎండునది ఏది, కడపటి వరకు పచ్చగా నుండునది ఏది యని అతనికి తెలియును. ఆ ఎడారిలో నడివేసవిని కూడ ఆకుపచ్చగా నిలుచు చెట్టు ఒకటి కలదు. దానిని అచ్చటివారు ఖేజ్డీ యందురు. మనము విజయదశమి నాడు పూజించు శమీవృక్షము, జమ్మిచెట్టు, అదియే. దాని ఆకు పశువులకు మేత, కాయ మనుష్యులకు కూర, నీడ సమస్త ప్రాణులకు శరణ్యము. ఇరువది యేడేండ్లు ఆ నీడన గడపినవారి మనస్సున జీవకారుణ్యము ఉపన్యాస విషయముగా గాక ప్రత్యక్షానుభవముగా పండినదనుటలో సందేహము లేదు.

ఆయన బాల్యము ఇంకను గడువకముందే జరిగినదిగా చెప్పబడు వృత్తాంతమొకటి కలదు. జోధ్‌పూరు నగర నిర్మాతయైన రావ్ జోధా కుమారుడు రావ్ దూదా మేడతా ప్రాంతమును పోగొట్టుకొని తిరుగుచు పీపాసర్ సమీపమునకు వచ్చెను. అచ్చట ఒక బావియొద్ద బాలుడొకడు సైగ చేయగా పశువులు వరుసగా వచ్చి నీరు త్రాగి పోవుచుండుట చూచి విస్మయపడెను. ఆ బాలుడు మందతో ముందు నడచుచుండగా దూదా గుర్రముపై వెంబడించెను. ఎంత తోలినను వారి నడుమ దూరము తరుగలేదట. అలసి గుర్రము దిగి కాలినడకన వినయముగా పోగా వెంటనే చేరగలిగెనట. బాలుడు కరీరపు కొమ్మనొక దానిని ఖడ్గమునకు బదులుగా ఇచ్చి ఆశీర్వదించెననియు, దూదా తన మేడతాను మరల పొందెననియు చెప్పుదురు. గుర్రముపై తరిమినవానికి అందనిది నేలపై నిలిచినవానికి అందెనను ఈ కథలో వేటసీమ వారికి గొప్ప ఉపదేశమున్నది. ఈ రావ్ దూదా మనుమరాలే గిరిధర గోపాలుని పాడి తరించిన మీరాబాయి యని స్మరించినపుడు భక్తి ఒక యింటి నుండి మరియొక యింటికి ఎట్లు ప్రవహించునో తెలియును.

తల్లిదండ్రులు పరమపదించిన పిమ్మట జంభేశ్వరులు ఇల్లు వాకిలి, ధనధాన్యములు సమస్తమును దానము చేసిరి. వివాహము చేసికొనలేదు. పీపాసర్ విడిచి సమరాథల్ అను ఎత్తైన ఇసుకదిబ్బపై నివాసమేర్పరచుకొనిరి. అంతలో ఆ సీమకు ఘోరమైన కరవు సంప్రాప్తించెను. పైరు లేదు, పచ్చిక లేదు, బావులడుగంటెను. జనులు పశువులను తోలుకొని మాళవమునకు వలస పోజొచ్చిరి. కరవున మనుష్యుని చూపు మారిపోవును. ఆకలిగొన్నవానికి జింక మాంసముగా కనబడును. చెట్టు అమ్ముకొనదగిన కట్టెగా కనబడును. ఆ యేడు ప్రాణము దక్కవచ్చును గాని, మృగమును తిని వృక్షమును నరికిన నేల మరుసటి కరవున ఎవరిని ఆదుకొనగలదు? నీడ లేదు, మేత లేదు, కాయ లేదు. ఎడారి మరికొంత ముందునకు జరుగును. ఆ విపత్తున జంభేశ్వరులు ఆకలిగొన్న వారికి ధాన్యమిప్పించి వలసపోకుండ నిలిపిరని సంప్రదాయము. ముందు అన్నము పెట్టి, పిమ్మటనే ధర్మము చెప్పిరి.

క్రీస్తు శకము 1485వ సంవత్సరమున, మన లెక్కకు ఆశ్వయుజ బహుళాష్టమి నాడు, సమరాథల్ దిబ్బపై కలశస్థాపన చేసి, అభిమంత్రించిన జలమును తీర్థముగా ఇచ్చి వారొక నూతన మార్గమును ప్రారంభించిరి. స్వవంశీయుడైన పూల్హోజీ మొదటగా ఆ తీర్థమును స్వీకరించెను. రాజపుత్రులును, జాట్లను పేరుగల కర్షకులును, ఇతర వర్ణములవారును పెక్కుమంది వారిని అనుసరించిరి. ఆచరింపవలసిన నియమములు ఇరువది తొమ్మిది. ఆ భాషలో బీస్ అనగా ఇరువది, నౌ అనగా తొమ్మిది. అందుచే బిష్ణోయీలను పేరు వచ్చెనని కొందరందురు. విష్ణువును కొలుచువారు గనుక ఆ పేరు వచ్చెనని మరికొందరందురు. రెండును వారికి తగియే యున్నవి.

ఆ నియమములలో తెల్లవారుజామున స్నానము, సంధ్యావందనము, హోమము, విష్ణునామ భజన, అమావాస్య నాడు ఉపవాసము కలవు. దొంగతనము, నింద, అసత్యము, కలహము, మద్యము, మాంసము, నల్లమందు, పొగాకు నిషేధింపబడినవి. వీనితోపాటు ప్రాణులయెడ దయ చూపవలెననియు, పచ్చని చెట్టును నరుకరాదనియు స్పష్టముగా విధింపబడెను. నీటిని వడగట్టి త్రాగవలెను. పొయ్యిలో పెట్టు కట్టెను దులిపి పురుగు లేకుండ చూచి పెట్టవలెను. కసాయివాని పాలు గావలసిన మేకపోతులను, పొట్టేళ్ళను ఒకచోట చేర్చి బ్రతికినంతకాలము పోషింపవలెను. కట్టెలో దాగిన చీమను గూర్చి ఆలోచించినవాడు జింకపై బాణమెట్లు వేయగలడు? వేటను మానుమని వేరుగా ఆజ్ఞాపింపనక్కరలేకయే ఆ గృహములలో విల్లు చిలుకకొయ్యకు ఎక్కెను.

ఒక తరము వారు వ్రతము పట్టుట కష్టము కాదు. అది మనుమల వరకు నిలుచుట కష్టము. జంభేశ్వరులు ఏర్పరచిన నియమములలో మొదటిదే ఇందుకు సమాధానము చెప్పుచున్నది. బిడ్డ పుట్టిన ముప్పది దినములు తల్లిని, బిడ్డను వేరుగా నుంచి విశ్రాంతి నిత్తురు. ఆ గడువు తీరిన పిమ్మట హోమము చేసి, అభిమంత్రించిన తీర్థమును శిశువు నోట వేయుదురు. అప్పటి నుండియే ఆ శిశువు బిష్ణోయీ. ఊహ తెలియక మునుపే వ్రతము ఆరంభమగును. ఊహ తెలిసిన పిమ్మట ఆ బిడ్డ చూచునది యేమి? ఇంటి పెద్దలు జింకలకు, పక్షులకు గింజలు చల్లుట, తొట్టెలలో నీరు నింపుట. తల్లి చనిపోయిన జింకపిల్ల దొరకినచో దానిని ఇంటికి తెచ్చి, తమ బిడ్డకిచ్చు పాలనే దానికిచ్చి పెంచు తల్లులు ఆ గ్రామములలో కలరు. ఇతరుల యింట బాలుడు పొదచాటున నిలిచి జింకను చంపుట నేర్చు వయస్సున, ఆ యింటి బాలుడు దోసిట గింజలు పట్టి జింక దగ్గరకు వచ్చువరకు కదలక నిలుచుట నేర్చును. ఊపిరి బిగబట్టుట రెండుచోట్లను ఒకటియే; ఫలము మాత్రము వేరు.

జంభేశ్వరులు మరి యేబది యొక్క సంవత్సరములు సంచరించుచు ఉపదేశించిరి. రాజులును రైతులును వారిని సేవించిరి. మౌనమున ఏడు, గోపాలనమున ఇరువది యేడు, ధర్మబోధనమున ఏబది యొక్కటి, వెరసి ఎనుబది యైదు సంవత్సరములు వారి జీవితము. 1536వ సంవత్సరమున, మన కార్తిక బహుళ నవమి నాడు, లాలాసర్ అనుచోట వారు దేహము చాలించిరి. బికనేరు ప్రాంతమున నోఖా సమీపమందలి ముకాం అను గ్రామమున వారి సమాధి మందిరము కలదు. మన మాఘ, భాద్రపద మాసముల అమావాస్యలకు అచ్చట తీర్థములు జరుగును. వేలాది భక్తులు గుమికూడుదురు. శవదహనమునకై చెట్టును కొట్టుట యెందుకని బిష్ణోయీలు నేటికిని భూస్థాపనమే చేయుదురు.

గురువు వెడలిపోయిన నూట తొంబది నాలుగేండ్లకు శిష్యుల వ్రతమునకు పరీక్ష వచ్చెను. 1730వ సంవత్సరమున జోధ్‌పూరు ప్రభువు అభయసింహుని కోట పనులకు సున్నపుబట్టీలలో కాల్చు కట్టెలు కావలసివచ్చెను. ఖేజడలీ గ్రామమున జమ్మిచెట్లు దట్టముగా నున్నవని విని రాజోద్యోగులు గొడ్డళ్ళతో వచ్చిరి. అమృతాదేవి యను గృహిణి ఒక చెట్టును కౌగిలించుకొని నిలిచెను. ధనమిచ్చినచో చెట్టును విడుతుమని ఉద్యోగులు చెప్పగా, లంచమిచ్చి ధర్మమును కొనుట తన గురువునకు అవమానమని ఆమె నిరాకరించి గొడ్డలికి తల నొగ్గెను. ఆమె ముగ్గురు కుమార్తెలు తల్లి పడిన చోటనే ఒకరి తరువాత నొకరు నిలిచి ప్రాణములిచ్చిరి. వార్త విని చుట్టుపట్ల గ్రామముల నుండి బిష్ణోయీలు వచ్చి చెట్టునకొకరు చొప్పున నిలిచిరి. మొత్తము 363 మంది అసువులు బాసిరి. రాజు విని పశ్చాత్తప్తుడై, బిష్ణోయీల గ్రామములలో చెట్లు నరకుటను, జంతువులను వేటాడుటను నిషేధించుచు శాసనము చేసెను.

ఇచ్చట ఆలోచింపవలసినది ఆ ముగ్గురు బాలికలను గూర్చి. భయపడి పారిపోవుటకు వారికి సమయముండెను. పారిపోయినను నిందించువారు లేరు. కాని పుట్టిన ముప్పదవ దినము నుండి నోట పడిన తీర్థము వారిని నిలిపెను. ఉపదేశముచే నేర్చినది ఆపదలో మరుపు రావచ్చును. బాల్యమున చేతితో చేసి నేర్చినది ఆపదలోనే జ్ఞప్తికి వచ్చును. దశరథుని చేయి చీకటిలో బాణము విడిచినదియు అందువలననే. ఆ బాలికల చేతులు చెట్టును విడువనిదియు అందువలననే.

మన దేశమున 1972వ సంవత్సరమున వన్యప్రాణి సంరక్షణ శాసనము వచ్చి కృష్ణజింకను వేటాడుట నేరమైనది. అంతకు దాదాపు అయిదు వందల సంవత్సరముల ముందే ఒక పశువుల కాపరి ఆ శాసనమును తన జనుల హృదయములందు లిఖించెను. ఖేజడలీ అమరుల స్మృతికై సెప్టెంబరు 11వ తేదీ జాతీయ అటవీ అమరవీరుల దినముగా జరుపబడుచున్నది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింకయే; తెలంగాణ రాష్ట్ర వృక్షము జమ్మిచెట్టే. జంభేశ్వరులు కాపాడుమన్న రెండును తెలుగునాట గౌరవస్థానములందే యున్నవి.

వైదిక గృహములకు కృష్ణసార మృగము క్రొత్తది కాదు. అది స్వేచ్ఛగా తిరుగు భూమియే యజ్ఞమునకు యోగ్యమైన భూమియని మనువు చెప్పియున్నాడు. ఉపనయనమున వటువునకు దాని అజినము ముట్టించుట ఆచారము. ఆ ఆచారమునందలి ఆంతర్యము విచారింపదగినది. మృగము నిర్భయముగా తిరుగని చోట యజ్ఞమునకు నేలయే లేదు. వటువు భుజముపై నిలుచు ఆ చర్మఖండము, ఆ ప్రాణి బ్రతుకు నేలను కాపాడవలసిన బాధ్యత అతనిదని జ్ఞప్తి చేయుటకే యని భావించుట యుక్తము.

తిరుమలకు కాలినడకన పోవు యాత్రికులకు త్రోవప్రక్కన శేషాచలపు జింకలు కనబడుచుండును. తండ్రి భుజమునెక్కి మొదటిసారిగా కొండకు వచ్చు పసివాడు వానిని చూచి కేరింతలు కొట్టును, రాయి విసరబోవును. అపుడు తండ్రి చేయవలసినది స్వల్పము. బిడ్డను నేలపై దించి, చేతిలోని రాయి విడిపించి, చేయి పట్టుకొని కొంచెముసేపు కదలక నిలువవలెను. జింక వారిని చూచును, వారు జింకను చూతురు. అది బెదరక మేతకు తల వంచిన పిమ్మట గోవింద నామము చెప్పుకొనుచు మరల నడక సాగింపవలెను. ఆ పసివాని తొలి అరణ్యయాత్ర అటులనే ముగిసినచో, సర్వభూతములందును వెలుగుచున్న శ్రీనివాసుని దర్శనము అతనికి కొండపైకి చేరకమునుపే ఆరంభమైనట్లు.